మండువా కట్టుకున్నాం, అరుగు మర్చిపోయాం

మొన్న ఆదివారం కామన్ హౌస్ కిచెన్‌లో అలమార్లు సర్దే డ్యూటీ నాది. కింది అరలో, పాస్తా ఉడకబెట్టే పెద్ద పెద్ద గిన్నెల వెనకాల ఒక స్టీల్ తపేలా దొరికింది. తిప్పి చూస్తే అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన తెలుగు అక్షరాలు, రెండు ఇనిషియల్సు, పక్కన 1987. మాది కాదు. మా 28 ఇళ్ళల్లో తెలుగు వాళ్ళం మేం ఒక్కళ్ళమే, కాబట్టి లోపల ఇంకెవరిదీ కూడా కాదు. వెనక వీధి అపార్ట్‌మెంట్లలో ఉండే పిన్నిగారిది. గురువారం భోజనాలకి పులిహోర కలుపుకొచ్చారు ఒకసారి, తీసుకెళ్ళడం మర్చిపోయారేమో అని ఇవ్వబోతే "ఇక్కడే ఉండనీవే అమ్మాయ్, మళ్ళీ మళ్ళీ మోసుకురావడం దేనికి" అన్నారు. ఆ తపేలా ఒళ్ళో పెట్టుకుని కాసేపు అక్కడే నేలమీద కూర్చుండిపోయా. అది ఆ అరలోకి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది మరి, రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నా.

తెలియని వాళ్ళకి ముందు రెండు ముక్కలు. మేం ఉండేది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో వ్యాలీలో ఒక చిన్న ఊళ్ళో, మేం ఉండే పద్ధతిని కోహౌసింగ్ అంటారు. "ఏదో ఆశ్రమంలో ఉంటున్నారంట కదా" అని గుంటూర్లో మా అమ్మ స్నేహితురాలు అడిగింది, ఆశ్రమం కాదండీ బాబూ, ఎవరిల్లు వాళ్ళదే, ఎవరి వంటగది వాళ్ళదే, ఎవరి బ్యాంకు లోను వాళ్ళదే. కాకపోతే కార్లన్నీ ఒక మూలకి తోసేసి, ఇళ్ళన్నీ ఒక నడకదారికి ఎదురెదురుగా కట్టి, మధ్యలో అందరికీ కలిపి ఒక పెద్ద ఇల్లు కడతారు, అదే కామన్ హౌస్. అందులో యాభై మంది కూర్చుని తినే హాలు, హోటల్లో ఉన్నట్టు పెద్ద వంటగది, వాషింగ్ మెషీన్లు, పిల్లల గది, చుట్టాలొస్తే పడుకోడానికి రెండు గదులు, ఒక చివర రంపాలూ సుత్తులూ ఉండే వర్క్‌షాప్. వారానికి రెండు రాత్రులు కలిసి తింటాం, వండే వంతు నెలకొకసారి, అంట్ల వంతు రెండుసార్లు.

ఇది డెన్మార్క్‌లో పుట్టింది. అక్కడ యాన్ గుడ్‌మన్-హోయెర్ అని ఒక ఆర్కిటెక్టు, కొంతమంది స్నేహితులతో కలిసి 1964లోనే కోపెన్‌హేగెన్ బయట హారెస్కోవ్ అనే చోట ఇలాంటిది కడదామని స్థలం చూసుకున్నాడు. కట్టలేకపోయారు. ఎందుకో తెలుసా, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అడ్డుపడ్డారు, ఇంతమంది ఒకచోట చేరితే పిల్లల గోల ఎక్కువైపోతుందని. చివరికి 1972లో సెట్టెడామెన్ అని 27 ఇళ్ళది పూర్తయింది, అదే మొదటిది అంటారు. నాకు మాత్రం ఆ కట్టలేకపోయిన దాని గురించే ఎక్కువ ఆలోచన, ఇరుగుపొరుగుతో తగువు ఈ కోహౌసింగ్ అనేదానికి పుట్టకముందు నుంచీ ఉందన్నమాట. అమెరికాలో మొదటిసారి కొత్తగా కట్టింది మా పక్కనే డేవిస్‌లో, మ్యూర్ కామన్స్, 1991, 26 ఇళ్ళు. అదే ఊళ్ళో అంతకంటే ముందే, 1986లో, ఎన్ స్ట్రీట్ వాళ్ళు కొత్తగా ఏం కట్టకుండా ఉన్న ఇళ్ళ మధ్య చెక్క కంచెలు పీకేసి పెరళ్ళు కలిపేసుకోవడం మొదలుపెట్టారు. నాకు అది చాలా నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ పొరుగువాళ్ళే ఒక్కొక్కరు చేరుతూ పోయారు, బయటా లోపలా అనే గీత మొదట్నించీ కాస్త చెరిగే ఉంది.

మాది అలా కాదు. మాది ఖాళీ స్థలం కొని ఒకేసారి కట్టింది. కార్లు ఒక పక్క, మూడు పక్కలా కంచె, గుమ్మాలన్నీ లోపలికి. లోపలున్న వాళ్ళకి స్వర్గం, పిల్లలు పొద్దుణ్ణుంచి రాత్రి దాకా ఆ నడకదారి మీదే. వీధిలోంచి చూసేవాళ్ళకి మాత్రం మేం వీపు తిప్పుకుని కూర్చున్నట్టు ఉంటాం. ఇది నాకు నాలుగేళ్ళు ఉన్నా తోచలేదు, మా నాన్న వచ్చి చెబితే గానీ.

నాన్న 2017లో వచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. మొదటి రెండు రోజులూ అంతా తిరిగి చూసి బాగా మెచ్చుకున్నారు, "ఇది మండువా లోగిలే కదమ్మా, చుట్టూ ఇళ్ళు, మధ్యలో వాకిలి, అన్నదమ్ములు బదులు ఊరూపేరూ తెలియని వాళ్ళున్నారు అంతే తేడా" అని. మూడోరోజు సాయంత్రం కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే బయట వీధిలో పోస్టు డబ్బాల పక్కన ఫుట్‌పాత్ అంచు మీద, పంచె మోకాళ్ళ దాకా లాక్కుని గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆయన ముందు ఎవరో తెల్లావిడ కుక్కతో సహా వంగి నిలబడి, ఒంట్లో బాగుందా, ఎవరికైనా ఫోన్ చెయ్యాలా అని అడుగుతోంది. నాన్నకి సగం అర్థమైంది. నేను వెళ్ళి ఏం లేదండీ ఊరికే కూర్చున్నారు అని చెబితే ఆవిడకి ఆ "ఊరికే కూర్చోవడం" సగం కూడా అర్థం కాలేదు. లోపలికొస్తూ నాన్న అన్నారు, "అన్నీ ఉన్నయ్యి గానీ అరుగేదమ్మా?"

మా తాతగారింటి అరుగు గుర్తున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, పిల్లల కోసం చెప్తా. అరుగు ఇంటిదే, అలికేది ఇంటివాళ్ళే, ముగ్గేసేది ఇంటివాళ్ళే, కానీ దానిమీద ఎవరు కూర్చుంటారంటే అందరూ. పోస్టాయన, గాజుల మలారం దించుకున్న మనిషి, పేపరు చదివే ముసలాయన, వానొస్తే తలదాచుకునే దారినపోయేవాడు. ఎవరూ ఎవర్నీ అడగరు. అలాగని గడప దాటరు, లోపలికి రావాలంటే పిలుపు ఉండాలి. ఎవరికీ ఎవరూ నేర్పని రూల్ అది. (అందర్నీ కూర్చోనిచ్చేవాళ్ళా అంటే లేదు, ఏ కులంవాళ్ళు అరుగెక్కేవాళ్ళో ఏ కులంవాళ్ళు కిందే నిలబడేవాళ్ళో నాకూ తెలుసు, ఆ అరుగుని నేను మరీ నెత్తిన పెట్టుకోను.) కానీ ఇల్లూ కాదు వీధీ కాదు అనే ఆ నాలుగడుగుల జాగా ఉంది చూశారూ, మా కోహౌసింగ్ వాళ్ళు సరిగ్గా అదే కట్టుకోలేదు. గేటు తెరిస్తే నేరుగా వాకిట్లోకే, జనాల వంటింటి కిటికీల ముందుకే.

ఆ తర్వాతేడాది నవంబర్‌లో ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో పారడైజ్ అనే ఊరు కార్చిచ్చుకి తగలబడింది, 85 మంది పోయారు. మాకు చాలా దూరమే గానీ పొగంతా వ్యాలీలోకి దిగిపోయి దాదాపు రెండు వారాలు సూర్యుడు ఎర్రటి బిళ్ళలా వేలాడాడు, బడులు మూసేశారు, ఎన్95 మాస్కులు ఎక్కడా దొరకలేదు. మా కామన్ హౌస్‌కి మంచి ఫిల్టర్లు ఉన్న ఏసీ ఉంది, దాంతో ఎవరో ఈమెయిల్ పెట్టారు, చుట్టుపక్కల ముసలివాళ్ళని పిలుద్దామని. ఆ రోజుల్లో ఎవరూ కాదనలేదు. వచ్చారు, ఆక్సిజన్ సిలిండరు తోపుడుబండి మీద లాక్కుంటూ ఒకాయన, వెనకవీధి అపార్ట్‌మెంట్లలో చంటిపిల్లలున్న తల్లులు, అందులో ఇద్దరు తెలుగమ్మాయిలు, అలా ఒక ముప్ఫై మంది. సూపు కాచాం, పిల్లలకి సినిమాలు వేశాం. మా వాళ్ళంతా మురిసిపోయారు, ఇహ చూస్కోండి మనం ఊళ్ళో కలిసిపోయాం అని. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ ముందర వానపడింది, పొగ పోయింది, ఆ మర్నాటి నుంచి ఒక్కళ్ళు రాలేదు. పిలిచినా రాలేదు. "మీకెందుకు శ్రమ" అన్నారు అందరూ. అంటే ఆపదలో ఆదుకున్న ఇల్లు అయిందే గానీ మళ్ళీ రావడానికి ఒక వంక దొరకలేదు వాళ్ళకి.

వంక నేను కల్పించా. అక్కడే చెయ్యి కాలింది.

పొగ రోజుల్లో పరిచయమైన తెలుగమ్మాయికి ఆ మార్చిలో సీమంతం. వాళ్ళ అపార్ట్‌మెంటులో పది మంది పట్టరు, హాలు అద్దెకి తీసుకుంటే బోలెడు డబ్బు. మా కామన్ హౌస్ వాడుకోమన్నా. మెంబర్ల ఫంక్షన్లకి వాడుకోవచ్చు, నేను మెంబర్ని, నా ఫంక్షనే అనుకుందాం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నా, ఎవర్నీ అడగలేదు. యాభై మంది అనుకుంటే ఎనభై మంది వచ్చారు. సరే పర్లేదు. పులిహోరకి పోపు పెట్టే దగ్గర ఒక పెద్దావిడ, రెండు గిద్దెల నూనె సలసలా కాగుతుంటే దోసెడు ఎండుమిరపకాయలు ఒక్కసారి పడేసింది. పొయ్యి పైన పొగ లాగే హుడ్ ఫ్యాన్ స్విచ్ ఎక్కడుందో ఆవిడకి తెలీదు, చెప్పాల్సిన నేను పూలు కడుతున్నా. ఆ ఘాటు ఎలా ఉంటుందో మీకు తెలుసు. కామన్ హౌస్ అలారం మా ఇళ్ళల్లో ఉండే చిన్న బిళ్ళ కాదు, నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది. గంట మోగడం మొదలైంది, 28 ఇళ్ళ వాళ్ళూ పిల్లల్నీ పిల్లుల్నీ ఎత్తుకుని దారి మీదకొచ్చారు, ఎర్రటి ఫైరింజన్ వచ్చి ఆగింది, ఆరడుగుల మనుషులు నలుగురు గొడ్డళ్ళతో లోపలికి దూరి నిమిషంలో దగ్గుకుంటూ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. రెండు చేతుల నిండా గాజులు, నెత్తిన పూలజడ, పట్టుచీరలో తొమ్మిదో నెల పిల్ల ఆ ఫైరింజన్ పక్కన నిలబడి నవ్వాపుకోలేక ఏడుస్తోంది. ఆ ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. ఇంకొకటి కూడా మిగిలింది, మేపుల్ చెక్క బల్ల మీద అరచెయ్యంత పసుపు మరక, ఎన్నిసార్లు గరుకు కాగితం పట్టినా పోలేదు, ఇప్పటికీ నేను ప్లేటు సరిగ్గా దానిమీదే పెట్టుకుని తింటా.

తర్వాత మీటింగు. మా దగ్గర ఓటింగ్ ఉండదు, రంగు కార్డులుంటాయి. ఆకుపచ్చ అంటే సరే, పసుపు అంటే అనుమానాలున్నాయి, ఎరుపు ఎత్తితే ఆ విషయం అక్కడ ఆగినట్టే, మళ్ళీ మాట్లాడుకోవాలి. బయటివాళ్ళకి కామన్ హౌస్ ఇవ్వాలా వద్దా అనే ముక్క మీద నాలుగు నెలలు నడిచింది. ఇన్సూరెన్స్ ఏజెంటుని పిలిచాం, ఆయన చెప్పింది సూటిగానే ఉంది, మీ ఇంటికొచ్చిన అతిథి జారిపడితే ఒక లెక్క, డబ్బు తీసుకుని హాలు అద్దెకిస్తే అది వ్యాపారం లెక్క, అప్పుడు వచ్చేవాళ్ళు సొంతంగా బీమా కాగితం తెచ్చుకోవాలి, పైగా పబ్లిక్‌కి తెరిచిన చోటు అయితే వికలాంగుల కోసం 1990లో వచ్చిన చట్టం మీకూ వర్తిస్తుంది, ర్యాంపులూ బాత్రూములూ అన్నీ చూసుకోవాలి అని. అద్దె ఆలోచన అక్కడితో పోయింది. మంచిదే అయింది, డబ్బులు తీసుకున్నాక పొరుగువాళ్ళు కస్టమర్లయిపోతారు, మళ్ళీ రేటింగులొకటి.

అద్దె పోయినా ఎరుపు కార్డు పోలేదు. ఒకావిడ, ఎవరో చెప్పను, ప్రతిసారీ ఎత్తేది. నేను మనసులో ఎన్ని తిట్టుకున్నానో, మనుషులంటే గిట్టదనుకున్నా, మా రంగు వాళ్ళొస్తే గిట్టదని కూడా అనుకున్నా, దాచడం దేనికి. ఒకరోజు ఆవిడే పిలిచి "ఒకసారి వచ్చి నా సింకు దగ్గర నిలబడు" అంది. వెళ్ళి నిలబడ్డా. ఆవిడ కిటికీకి పదిహేనడుగుల్లో కామన్ హౌస్ గుమ్మం. ఆ టైముకి ఎవరో డెలివరీ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తూ నేరుగా నా కళ్ళల్లోకి చూశాడు, నేను గబుక్కున చూపు తిప్పేసుకున్నా, నైటీలో ఉన్నట్టు అనిపించింది, నిజానికి జీన్స్‌లో ఉన్నా. "మా 28 ఇళ్ళ వాళ్ళు చూస్తే నాకేం అనిపించదు, వాళ్ళ మొహాలు తెలుసు. తెలియని మొహం రోజుకి ఎన్నిసార్లు?" అంది. ఆవిడకి మనుషులంటే గిట్టకపోవడం కాదు, ఆవిడ వంటిల్లే మా అందరి అరుగైపోతోంది, అదీ సంగతి. నాన్న చెప్పిందే ఈవిడ ఇంకో వైపు నుంచి చెప్పింది.

ఆ తర్వాత కొవిడ్ వచ్చి కామన్ హౌస్‌కి ఏడాదికి పైగా తాళం. ఆ తాళం కాలంలోనే పని జరిగింది చూడండి. వర్క్‌షాప్ వీధి వైపు గోడకి ఆనుకుని ఉంది కదా, ఆ గోడకి తలుపు పెడదాం అని ఎవరో అన్నారు, ఎరుపు కార్డావిడే మొదట ఆకుపచ్చ ఎత్తింది. పర్మిట్టూ కంట్రాక్టరూ అన్నీ అయ్యేసరికి ఏడాది పట్టింది. తలుపు ముందు కంచె ఆరడుగులు లోపలికి జరిపాం, ఒక పొడుగాటి బెంచీ, పైన రేకు నీడ, తాగడానికి కుళాయి, కాయల కాలంలో ఒక పెట్టెలో మా చెట్ల నారింజలు, కావలసినవాళ్ళు తీసుకెళ్ళొచ్చు. అంతే, దాన్నే మేం అరుగు అంటాం. నిజంగానే, మా తెల్లవాళ్ళు కూడా "అరుగూ" అని దీర్ఘం తీసి అంటారు, నాన్నకి వీడియోకాల్‌లో వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు.

శనివారాలు ఆ తలుపు తెరిచి సైకిళ్ళు బాగుచేస్తాం. చేస్తాం అంటున్నా గానీ చేసేది పక్క వీధి పెద్దాయన, స్కూలు బస్సుల మెకానిక్‌గా రిటైరయ్యాడు. మొదట్లో మా మెంబరు ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తే గానీ ఆయన లోపలికి వెళ్ళడానికి లేదు. మావాళ్ళు ఆలస్యంగా లేవడం, ఆయన ఏడింటికల్లా వచ్చి బెంచీ మీద కాచుక్కూర్చోవడం. రెండు నెలలు చూసి తాళంచెవి ఆయనకే ఇచ్చేశాం. దానికీ ఒక మీటింగు అయిందనుకోండి. కానీ తేడా కళ్ళకి కట్టినట్టు కనపడింది, ఆ వారం నుంచి ఆయన "మీ షెడ్డు" అనడం మానేసి "షెడ్డు" అంటున్నాడు, చీపురు కూడా తనే కొనుక్కొచ్చాడు, మా వాళ్ళు రంపం వాడి చోటు మార్చి పెడితే కేకలేస్తాడు.

ఇలాంటిదే ఇంకా పెద్ద ఎత్తున ఒకచోట చూశా. మా ఆయన ఆఫీసు పని మీద జ్యూరిక్ వెళ్తే నేనూ వెళ్ళా, అక్కడ కాల్క్‌బ్రైటె అని ఒక కోఆపరేటివ్, 2014లో కట్టారు, కింద ట్రాములు పడుకునే డిపో, దాని నెత్తిన ఇళ్ళు. ట్రాముల పైకప్పు మీదే పెద్ద వాకిలి, వీధిలోంచి వెడల్పాటి మెట్లు, ఎవరైనా ఎక్కి వెళ్ళి కూర్చోవచ్చు. కింది అంతస్తులో సినిమా హాలు, కెఫేలు. నేను అరగంట కూర్చున్నా, ఎవరూ నన్ను ఒంట్లో బాగుందా అని అడగలేదు. కానీ అక్కడ ఇళ్ళలోకి వెళ్ళే తలుపులు వేరే, ఆ వాకిట్లో కూర్చున్నంత మాత్రాన ఎవరి వంటిల్లూ కనపడదు. మా కాలిఫోర్నియాలోనే ఓక్లాండ్‌లో స్వాన్స్ మార్కెట్ కోహౌసింగ్ కూడా అంతే, 1917 నాటి పాత మార్కెట్ బిల్డింగ్‌లో కింద కొట్లు, పైన 20 ఇళ్ళు, ఊరంతా కింద తిరుగుతుంటుంది, పైకి మెట్లున్నాయని కూడా చాలామందికి తెలీదు. మేం ఒక్క తలుపుతో కిందామీదా పడ్డదాన్ని వాళ్ళు ప్లాను గీసేటప్పుడే తేల్చేసుకున్నారు.

మా చెల్లెలు హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటుంది. ఇదంతా చెబితే, "అక్కా, మా క్లబ్‌హౌస్‌కి పక్కింటివాళ్ళ చుట్టం రావాలన్నా యాప్‌లో ఓటీపీ కావాలి, నువ్వు అరుగు అంటావేంటే" అంది. వాళ్ళ క్లబ్‌హౌస్ చూశా, మా కామన్ హౌస్ ఆరు పడుతుంది దాంట్లో, మధ్యాహ్నం పూట ట్రెడ్‌మిల్లులూ సోఫాలూ ఏసీలో ఖాళీగా ఉంటాయి. గేటు బయట చెట్టుకింద ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లలు ఇద్దరు అమ్మ పని అయ్యేదాకా హోంవర్కు చేసుకుంటున్నారు, ఒళ్ళో పలకలాగా అట్ట పెట్టుకుని. సెక్యూరిటీ కుర్రాడే వాళ్ళకి తన కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు. ఆ ఊళ్ళో నేను చూసిన అరుగు ఆ కుర్చీ ఒక్కటే. చెల్లితో ఈ మాట అంటే అలిగింది, ఇప్పుడిది చదివి మళ్ళీ అలుగుతుంది.

సరే, పిన్నిగారి దగ్గరికి వద్దాం. ఈవిడ ఆ సీమంతం పిల్లకి అత్తగారు, మిరపకాయల ఆవిడ కూడా ఈవిడే, ఇంతసేపూ చెప్పలేదు ఎందుకంటే చెప్పొద్దన్నారు, ఇప్పుడు సరే అన్నారు. వీసా మీద ఆరేసి నెలలు వచ్చి వెళ్తుంటారు. ఆ గొడవ తర్వాత మా వైపు చూడ్డానికే సిగ్గుపడ్డారు. అరుగు కట్టాక మనవడితో వచ్చి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు, అక్కణ్ణుంచి గురువారం భోజనాలకి. బయటివాళ్ళు తలా ఆరు డాలర్లు ఇచ్చి తినొచ్చు, రెండ్రోజుల ముందు పేరు రాయాలి. మూడు వారాలు తిన్నారు, నాలుగో వారం రాలేదు. ఫోన్ చేస్తే "ఊరికే తిని చెయ్యి కడుక్కుని రావాలంటే మొహం చెల్లట్లేదమ్మా" అన్నారు. ఆరు డాలర్లు ఇస్తున్నారు కదండీ అంటే, "డబ్బులిస్తే హోటలు" అన్నారు.

ఇన్సూరెన్స్ ఏజెంటు అరగంట చెప్పింది ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు. దాంతో అంట్ల వంతుల కాగితంలో ఆవిడ పేరు రాద్దామని నేను అంటే మా వాళ్ళు కొందరు నొచ్చుకున్నారు, అతిథి చేత, అందులోనూ అరవై దాటినావిడ చేత అంట్లు తోమిస్తారా అని. వద్దన్న వాళ్ళంతా మంచివాళ్ళే. కానీ అదే మర్యాదతో మేం పొగ రోజుల్లో వచ్చిన ముప్ఫై మందినీ గిన్నె ముట్టుకోనివ్వలేదు, కూర్చోండి కూర్చోండి మేం చేస్తాం అన్నాం, వాళ్ళు కూర్చున్నారు, లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

పేరు రాశాం. ఇప్పుడు రెండో గురువారం సింకు దగ్గర పిన్నిగారూ ఎరుపు కార్డావిడా పక్కపక్కన నిలబడతారు, ఒకరు తోమడం ఒకరు తుడవడం, ఒకరి భాష ఒకరికి రాదు, గంటసేపు ఏదో మాట్లాడుకుంటూనే ఉంటారు. హుడ్ ఫ్యాన్ స్విచ్ మీద పిన్నిగారు తెలుగులో "ముందు ఇది" అని రాసి అంటించారు. వచ్చే నెల ఆవిడ ఇండియా వెళ్ళిపోతున్నారు, మళ్ళీ వచ్చేది వేసవికి. తపేలా పట్టుకెళ్తారా అని నిన్న అడిగా. "దాంట్లో మీవాళ్ళు నూడుల్సు ఉడకబెట్టుకుంటున్నారంటగా, ఉండనీ, అడుగు మాడకుండా చూస్కోమను" అన్నారు.